విజిటర్: పేడ

ముందే చెప్తున్నా, నాకింకా వేడి తగ్గలేదు, మాట కాస్త గట్టిగా వస్తే మీరే సర్దుకోండి.

సంగతేంటంటే ఫోన్ తగ్గిద్దామని డిసైడయ్యా. పెద్ద కథేం లేదు దీని వెనక. డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఫోన్లోనే ఒకటుంటుంది కదా, 2018లో గూగుల్ వాళ్ళు పెట్టారు, అంటే మనల్ని ఫోన్‌కి అతికించినవాళ్ళే ఎంత గట్టిగా అతుక్కున్నామో కొలిచి మరీ చూపిస్తారన్నమాట, ఆ లెక్క మా వాడి కంటపడింది. "అమ్మా, నాకంటే నువ్వే ఎక్కువ" అన్నాడు. వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఇంకేం కావాలి.

ఉత్తినే మానేస్తే చేతులు ఊరుకోవు కాబట్టి పనులు పెట్టుకున్నా. ఒకటి, అటక మీద సామానంతా దింపి సర్దడం. సగం దించాను, ఆ సగం ఇప్పటికీ హాల్లోనే ఉంది, దాని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదని ఒప్పందం. రెండోది లేసు అల్లిక. మాది నరసాపురం దగ్గరే, మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరితో కబుర్లాడుతూ చేతి వంక చూడకుండా అల్లేసేది, ఆ నరసాపురం లేసుకే 2024లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది, ఆవిడ మనవరాలికి మాత్రం గొలుసు దాటి రెండో వరస రాదు. నేర్పమని ఎవర్నడిగినా "యూట్యూబ్‌లో ఉంటాయిగా" అంటున్నారు. నేను పారిపోతున్నదే దాని దగ్గర్నించి తల్లీ!

ఇక మిగిలింది మొక్కలు. గ్రో బ్యాగులు కొన్నా, బాల్కనీలో వరసగా పెట్టా, టమాటా, వంగ, బచ్చలి. ఐదు కిలోల కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఇటుక నానబెడితే డెబ్బై లీటర్ల దాకా పొంగుతుందని తెలీక దాన్ని బాత్రూమ్‌లో బకెట్లో పెట్టిన సంగతి మాత్రం వదిలేయండి.

ఫోన్ సంగతి చెప్పాలి కదా. నా మీద నాకు నమ్మకం లేదని పొద్దున్నే తీసుకెళ్ళి అత్తయ్యకిచ్చేశా, బీరువాలో పెట్టి తాళం వేసి సాయంత్రం దీపం పెట్టాక ఇవ్వండి అని. ఆవిడ మొహంలో ఆ వెలుగు నేను మా గృహప్రవేశం రోజున కూడా చూళ్ళేదు. తాళంచెవి బొడ్లో దోపుకుని, తన ఫోన్ తను తీసుకుని, పక్క బ్లాకులో విష్ణుసహస్రనామ పారాయణానికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నాకు పేడ రావాల్సి ఉంది. జీవామృతం చేద్దామని. తెలియనివాళ్ళకి చెప్తా, ఇది మొక్కలకి పోసే ఎరువు, సుభాష్ పాలేకర్ గారి ప్రకృతి వ్యవసాయం పద్ధతి, ఆయనకి 2016లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఎకరానికైతే 200 లీటర్ల నీళ్ళలో పది కిలోల నాటు ఆవు పేడ, ఐదు నుంచి పది లీటర్ల గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. నా ఎకరం బాల్కనీ కాబట్టి పదో వంతుకి కుదించా, బకెట్టుకి కిలో పేడ. నీడలో పెట్టి రోజుకి రెండుసార్లు కర్రతో ఒకే వైపు తిప్పుతూ ఉంటే 48 గంటలకి తయారవుతుంది. బెల్లం, శనగపిండి వింటే ఏదో మిఠాయిలా ఉంటుంది కానీ మూత తీసినప్పుడు తెలుస్తుంది అసలు విషయం. పేడ మాత్రం ఎంత తాజాగా ఉంటే అంత మంచిది, అది ఆన్‌లైన్‌లో కొనేది కాదు. (పిడకలు దొరుకుతాయి, అది వేరే సంగతి.) అందుకే బాచుపల్లి వైపు నుంచి పాలు పోసే ఆయనకి చెప్పా. పదింటికి గేటు దగ్గరికి తెస్తానన్నాడు, నేనూ పదింటికి దిగిపోయా. ఫోన్లూ లొకేషన్లూ ఏమీ లేకుండా ఇద్దరు మనుషులు మాటనుకుని ఒకచోట కలుసుకోవడం, ఆహా అనుకుంటూ దిగా. వంటింట్లోంచి దిగినట్టే నైటీ మీద చున్నీ వేసుకుని.

గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ కుర్రాడు. చేతిలో ట్యాబ్. గేటు బయట పాలాయన, బండి వెనక సిమెంట్ సంచీ, ముందు క్యాను.

"బాబూ, మాకే, పంపించు" అన్నా.

"అప్రూవ్ చెయ్యండి మేడం."

"చేశానుగా, ఇదిగో ఎదురుగా నించుని చెప్తున్నా."

"యాప్‌లో మేడం."

మీకు మా యాప్ గురించి చెప్పాలి. ఇదివరకు ఇంటర్‌కమ్ ఉండేది, గేటు నుంచి ట్రింగుమనేది, "ఎవరో వచ్చారమ్మా" అంటే "పంపించు" అనేవాళ్ళం, అయిపోయేది. అసోసియేషన్ వాళ్ళు యాప్ పెట్టి ఇంటర్‌కమ్ పీకేశారు, మెయింటెనెన్స్ తగ్గుతుందని. తగ్గిందా అని అడక్కండి. జనరల్ బాడీలో అడిగినావిడని ఇప్పటికీ పార్కింగ్‌లో అదోలా చూస్తారు.

సరే ఆ కుర్రాడు ఎంట్రీ మొదలుపెట్టాడు. పాపం వాడి తప్పేం లేదు, బుద్ధిమంతుడు, అదే నా కొంప ముంచింది. ముందు కేటగిరీ అడిగింది. గెస్ట్, డెలివరీ, క్యాబ్, సర్వీస్. పేడ ఏ కేటగిరీ? గెస్ట్ కాదు. క్యాబ్ కాదు. సర్వీస్ అంటే ప్లంబరు, ఏసీ మెకానిక్కు అట. డెలివరీ నొక్కాడు, నొక్కితే ఏ కంపెనీ అని బొమ్మలు వచ్చాయి, బిర్యానీ తెచ్చేవాళ్ళవి, కూరగాయలు తెచ్చేవాళ్ళవి, మందులవి, ఒక్కొక్కటే వేలితో పైకి తోస్తూ నాకు చదివి వినిపించాడు. నేనూ వెర్రిదాన్లా ప్రతిదానికీ "కాదు", "కాదమ్మా" అంటూ నించున్నా, వాటిలో ఎక్కడో ఒకచోట పేడ వాళ్ళు కూడా ఉంటారన్నట్టు. బయట్నుంచి పాలాయన అరిచాడు, "ఏందమ్మా, గీ పెండకు గూడ ఇన్ని కాయితాలా? బర్రెనే తోల్కొస్తే ఏమడిగెటోళ్ళో!" బర్రెది కాదు ఆవుదే కదా అని నా గుండె ఒక్క క్షణం ఆగింది, కానీ అది అడిగే టైమ్ కాదు.

చివరికి 'అదర్స్' దొరికింది. పేరు అనే గడిలో ఏం రాయాలి మేడం అన్నాడు. పేడ అని రాసెయ్ బాబూ అన్నా. రాశాడు. రిక్వెస్ట్ వెళ్ళింది. ఎక్కడికి? నా ఫోన్‌కి. నా ఫోన్ ఎక్కడుంది? అత్తయ్య పట్టుచీరల మధ్య బీరువాలో మోగుతూ ఉండుంటుంది.

ఇట్లా కాదని నేనే గేటు దాటి బయటికెళ్ళి సంచీ తీసుకున్నా. కిలో చెప్తే సంచీడు తెచ్చాడు, "కిలో పెండ కోసం గింత దూరం ఎవడొస్తడమ్మా" అని. డబ్బులివ్వబోతే స్కాన్ చెయ్యమన్నాడు, నోటిస్తే చిల్లర లేదన్నాడు, పాల ఖాతాలో రాసుకుంటానని వెళ్ళిపోయాడు. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో గోమూత్రం ఉన్న ఐదు లీటర్ల క్యాను, వెనక్కి తిరిగి గేట్లోకి అడుగుపెట్టబోయా.

"మేడం, మీ రెసిడెంట్ కోడ్?"

నాకు అర్థం కాలా. "ఏంటి బాబూ, ఇందాక లోపల్నించేగా వచ్చా, నువ్వే చూశావుగా."

"చూశాను మేడం. కానీ బయటికెళ్తే మళ్ళీ ఎంట్రీయే మేడం. పోయిన నెల సైకిల్ పోయింది కదా మేడం, సెక్రటరీ గారు ఎవర్నీ మొహం చూసి వదలొద్దన్నారు."

మొహం చూసి వదలొద్దట! మనిషిని మొహం చూసి కాకపోతే ఏం చూసి గుర్తుపడతారండీ? ఇదే గేట్లోంచి ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళొచ్చినదాన్ని, వినాయక చవితికి చందాలు వసూలు చేసినదాన్ని. కోడ్ ఫోన్లో ఉంది బాబూ అన్నా. ఫోన్ తెచ్చుకోండి మేడం అన్నాడు. లోపలికి వెళ్తేగా తెచ్చుకునేది అన్నా. అవును కదా మేడం అని వాడు కూడా నిజంగానే ఆలోచించాడు, ఇద్దరం కలిసి కాసేపు ఆలోచించాం. సార్ నంబర్ చెప్పండి చేస్తా అన్నాడు. నంబర్! నాకు నోటికొచ్చిన నంబర్ ఒక్కటే, మా పుట్టింటి ల్యాండ్‌లైన్, దాన్ని పీకేసి ఎన్నేళ్ళయిందో. మా ఆయన్ది తొమ్మిదితో మొదలవుతుంది, అంతవరకు గ్యారంటీ.

అప్పుడు వాడికి ఐడియా వచ్చింది. యాప్‌లో ఫ్లాట్‌కి రెండో నంబర్ ఉంటుంది మేడం, సార్‌కి వెళ్తుంది, ఫొటో తీసి పంపిస్తా, సార్ మిమ్మల్ని చూసి ఓకే చేస్తారు అన్నాడు. ఎంత సంబరపడ్డానో. ఇటు చూడండి మేడం అంటే చూశా కూడా, క్యాను కింద పెట్టి జుట్టు సర్దుకుని మరీ. సర్దుకున్నప్పుడు చేతికున్నది కాస్త నుదుటికంటిందని తర్వాత తెలిసింది. ఇక్కడ జరిగిన చిన్న విషయం ఏంటంటే, వాడు కొత్త ఎంట్రీ తెరవలేదు, ఇందాకటిదాన్నే మళ్ళీ పంపాడు. ఫొటో నాది. పేరు పేడ.

హైటెక్ సిటీలో ఏసీ మీటింగ్ రూములో కూర్చున్న మా ఆయన ఫోన్లో అది ఎట్లా కనపడిందో ఒక్కసారి ఊహించుకోండి. "మీ ఫ్లాట్‌కి విజిటర్: పేడ." కింద నా ఫొటో. కింద రెండు బటన్లు, పచ్చది, ఎర్రది.

ఎర్రది నొక్కారు.

ట్యాబ్ టుయ్ మని ఒక రకమైన శబ్దం చేసింది. స్క్రీనంతా ఎర్రగా. కుర్రాడు నా వైపు చూసి, మళ్ళీ దాని వైపు చూసి, చాలా మెల్లగా, ఆస్పత్రుల్లో డాక్టర్లు బయటికొచ్చి చెప్పే గొంతుతో, "సార్ రిజెక్ట్ చేశారు మేడం" అన్నాడు.

ఈలోపు నా పక్కనుంచి బిర్యానీ వెళ్ళింది. పిజ్జా వెళ్ళింది. ఎవరిదో కుక్కకి స్నానం చేయించే అబ్బాయి దర్జాగా వెళ్ళాడు, అతనికి కేటగిరీ ఉందట. మా ట్రెజరర్ గారి కారొచ్చింది, స్టిక్కర్ ఉంది కాబట్టి కారుని గేటు గుర్తుపట్టి తనంతట తనే లేచింది. ఆయన అద్దం దించి, "ఏంటమ్మా ఎండలో నించున్నారు?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే సంచీ వాసన తగిలినట్టుంది, అద్దం ఎత్తేసుకుని వెళ్ళిపోయారు. ఒక్కమాట చెప్పొచ్చుగా ఆ కుర్రాడికి, ఈవిడ మనావిడే అని? చెప్పరు. మెయింటెనెన్స్ ఒక్క రోజు లేటయితే మాత్రం నా పేరూ, ఫ్లాట్ నంబరూ, మా ఆయన పేరూ అన్నీ టకటకా గుర్తొస్తాయి గ్రూపులో పెట్టడానికి.

లోపలికి ఎట్లా వచ్చానంటారా, పారాయణం అయ్యి అత్తయ్య ప్రసాదం గిన్నెతో అటుగా వచ్చింది. నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "మా కోడలే నాయనా" అని తన ఫోన్ తీసి పచ్చది నొక్కింది. ఆవిడకి యాప్ ఉందని నాకు తెలీనే తెలీదు. లిఫ్ట్‌లో మాత్రం నాతో రాలేదు, తర్వాతి దాంట్లో వస్తానంది.

సాయంత్రం మా ఆయన్ని నిలదీశా.

"నువ్వనుకోలేదే! పేడ అనుంటే ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నా."

"ఫొటో చూళ్ళేదా మీరు?"

"చూశా."

"చూసి?"

"నెట్ స్లోగా ఉంది, సరిగ్గా లోడ్ అవ్వలేదు."

మీటింగ్ రూములో! వాళ్ళ ఆఫీసు వైఫై గురించి ఇంట్లో ఎంత గొప్పలు పోతారో నాకు తెలీదనుకున్నారు. మా వాడు మధ్యలో వచ్చి "నాన్నా, స్క్రీన్‌షాట్ ఉందా?" అని అడిగాడు. ఉందట. స్క్రీన్‌షాట్ తియ్యడానికి మాత్రం లోడ్ అయింది.

జీవామృతం మాత్రం కలిపా, ఎందుకు మానాలి? బకెట్ బాల్కనీలో మూల గోనెపట్టా కప్పుకుని ఉంది, పొద్దునా సాయంత్రం తిప్పుతున్నా. నిన్న కింది ఫ్లాట్ వాళ్ళు డ్రైనేజీ లీకవుతోందని గ్రూపులో పెట్టారట, ప్లంబర్ వచ్చి వాళ్ళ బాత్రూమంతా వెతికి వెళ్ళాడట. నేను గ్రూపు చూడటం మానేశాను కాబట్టి నాకేం తెలీదు.

ఇంతలో అసోసియేషన్ నుంచి నోటీసు. గేటు దగ్గర కామన్ ఏరియాలో పేడ పడినందుకు 500 రూపాయల ఫైన్. పడింది అరచెయ్యంత కూడా లేదు, క్యాను కింద పెట్టినప్పుడు సంచీ ఒరిగింది, అదీ నన్ను జుట్టు సర్దుకోమన్నందుకు. క్యాషిస్తా తీసుకోండయ్యా అంటే తీసుకోరట, యాప్‌లోనే కట్టాలట. కట్టనన్నా. అయితే ఆదివారం మీటింగ్‌లో పెడతాం, వచ్చి వివరణ ఇచ్చుకోండి అన్నారు సెక్రటరీ గారు. వస్తా. బకెట్ పట్టుకునే వస్తా, మూత తీసి.