మూల అంకణం మూల్యాంకనం

మొన్న మా ఊరికి మూల్యాంకనం వచ్చింది, అంటే సర్కారు పథకం ఎంత మేలు చేసిందో కొలిచే సర్వే. తెల్ల కారులో వచ్చింది. అద్దానికి స్టిక్కరు, లోపల ఏసీ, డిక్కీలో రెండు కేసుల నీళ్ల బాటిళ్లు, డ్రైవరు గాక ముగ్గురు పిల్లకాయలు, వాళ్లకొక సారు, తలా ఒక ట్యాబు. నేరుగా వచ్చి మా వీధి మొదట్లో ఇడ్లీలమ్మే అవ్వ పొయ్యి ముందు ఆగింది.

"అవ్వా, మూల్యాంకనం కోసం వచ్చాం" అన్నాడు సారు.

అవ్వ గరిటె కింద పెట్టేసింది. మా నెల్లూరు వైపు ఇళ్ల స్థలాన్ని అంకణాల్లో కొలుస్తాం, అంకణమంటే 36 చదరపు అడుగులు, పుట్టినప్పటి నుంచీ ఆమె విన్న కొలత అదొక్కటే. ఆమె పొయ్యి ఉన్నది వీధి మూలన, ఆ మూల పంచాయతీది. ఇంక ఆమె చెవికి ఏం వినపడిందో మీరే ఊహించుకోండి. "మూలన అంకణం కూడా లేదు నాయనా, పొయ్యి పట్టేంతే! కొలుచుకోండి, కాదంటే రేపట్నుంచి లోపలికి జరుపుకుంటా" అని చేతులు తుడుచుకుంటూ లేచింది.

ఆమెకి తెలుగులో చెప్పండి సార్ అన్నాను నేను. తెలుగులోనే చెప్పానండీ అన్నాడాయన. కాదనడానికి లేదు.

నేనెందుకు అక్కడున్నానంటే, అవ్వ అర్జీలన్నీ రాసేది నేనే, ఆమె ఆస్థాన లేఖకుణ్ణి. అల్లుడు లారీ ప్రమాదంలో పోయాడు, ఏడాదిన్నరకి కూతురు జబ్బు చేసి పోయింది, మనవడు మిగిలాడు, ఐదో తరగతి. వాణ్ణి ఏదైనా హోంలో వెయ్యమని ఊరంతా సలహా ఇచ్చింది (మనవాళ్లు సలహా ఇవ్వడానికి ఏ ఆదాయ పరిమితీ లేదు). అవ్వ వెయ్యలేదు. అధికార భాషలో దీన్ని కిన్‌షిప్ కేర్ అంటారు. పిల్లల్ని హోముల్లో వెయ్యకుండా, ముక్కూమొహం తెలియని ఫోస్టర్ (కొంతకాలం పెంచే) కుటుంబాలకి అప్పజెప్పకుండా, సొంతవాళ్ల దగ్గరే పెరగనిచ్చే గొప్ప ప్రత్యామ్నాయం అని దీని మీద సదస్సులు జరుగుతాయి. మా వీధిలో దీన్ని అమ్మమ్మ అంటారు.

ఎగతాళి పక్కన పెడితే ఆలోచన మంచిదే, ఒప్పుకుంటాను. రాజస్థాన్‌లో పాలన్‌హార్ అని 2005లోనే మొదలుపెట్టారు, తల్లిదండ్రులు లేని పిల్లల్ని పెంచే బంధువులకి నెలనెలా డబ్బులిచ్చే పథకం. కేంద్రం వాళ్ల పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ అని ఉంది, 2022 మార్గదర్శకాల ప్రకారం పిల్లవాడికి నెలకు 4000, అంతకుముందు 2000 ఉండేది. కుటుంబ ఆదాయం పల్లెలో అయితే ఏడాదికి 72,000 దాటకూడదు. అంటే రోజుకి 197 రూపాయలు. పెళ్లిళ్ల సీజన్లో అవ్వ ఇంకో నాలుగు ప్లేట్లు ఎక్కువ అమ్మిందంటే ధనికుల జాబితాలో చేరిపోతుంది, జాగ్రత్తగా వ్యాపారం చేసుకోవాలి మరి.

ఈ స్పాన్సర్‌షిప్ అర్జీకి ఏమేం పెట్టామో చెప్పను, మీకు తెలిసిందే, మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ గుమ్మాల దగ్గర చెప్పులరగదీసినవాళ్లే. చనిపోయిన అల్లుడి పేరులో ఒక అక్షరం మరణ ధ్రువపత్రంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉందని మూడుసార్లు తిప్పారు. ఆయన వచ్చి సరిచేసుకోవాలట! మొత్తానికి మంజూరైంది. మూడు నెలల డబ్బులు ఒకేసారి పడ్డాయి, 12,000. అవ్వ మనవడికి సైకిలు కొనలేదు, తనకి చీర కొనలేదు, వడ్డీ వ్యాపారికి కట్టేసింది. ఆ తర్వాత పదకొండు నెలలు, ఈ మూల్యాంకనం వచ్చేదాకా, ఒక్క రూపాయి లేదు.

డబ్బులు రాలేదు గానీ, డబ్బులు వచ్చినందువల్ల జీవితంలో వచ్చిన మార్పును కొలవడానికి కారు వచ్చింది.

ట్యాబులో 64 ప్రశ్నలు. ఇంటి పైకప్పు దేంతో చేశారు, నీళ్లు ఎక్కణ్ణించి తెస్తారు, గత వారంలో ఆకుకూరలు ఎన్నిసార్లు తిన్నారు, ఇలా సాగుతుంటే అవ్వ ఓపిగ్గానే చెప్పింది, చెబుతూనే ఇడ్లీలు తీసింది. అసలు కథ 37వ ప్రశ్నతో మొదలైంది. ముగ్గురిలో ఒకమ్మాయి ట్యాబు చూసి చదివింది: "ఈ పిల్లవాడి సంరక్షణ బాధ్యతను స్వీకరించడానికి మిమ్మల్ని ప్రేరేపించిన అంశాలు ఏవి? ఒకటి కంటే ఎక్కువ ఎంచుకోవచ్చు."

"ఏందమ్మా?" అంది అవ్వ.

"అంటే, ఈ బాబుని మీరెందుకు పెంచుతున్నారు?"

అవ్వ నా వైపు చూసింది. ఈ పిల్ల బాగానే ఉందా అన్నట్టు చూసింది. "నా కూతురు కొడుకు గదమ్మా!"

అమ్మాయి వెతికింది. ఆర్థిక సహాయం ఉంది. సామాజిక గౌరవం ఉంది. మతపరమైన విశ్వాసం ఉంది. వృద్ధాప్యంలో ఆసరా ఉంది. ఇంటిపనిలో సాయం కూడా ఉంది. 'నా కూతురు కొడుకు' లేదు. ఏదో ఒకటి నొక్కకపోతే 38వ ప్రశ్నకి పోనివ్వదట ఆ యంత్రం. 'ఇతరములు' నొక్కింది. అప్పుడొక గడి తెరుచుకుంది, దానికొక షరతు, కనీసం 50 అక్షరాలుండాలి. 'నా కూతురు కొడుకు' అని కొట్టింది. ఎర్ర గీత వచ్చింది. 'ఈ బాబు నా కూతురు కొడుకు' అని కొట్టింది. మళ్లీ ఎర్ర గీత. ముగ్గురూ ట్యాబు చుట్టూ మూగారు. సారు కళ్లద్దాలు పైకి జరుపుకుని, "అవ్వా, ఇంకొంచెం వివరంగా చెప్పగలరా?" అన్నాడు.

వివరంగా! "నా కూతుర్ని నేను కన్నా. నా కూతురు వీణ్ణి కన్నది. ఇప్పుడు అది లేదు" అంది అవ్వ. కొట్టారు. పచ్చ గీత వచ్చింది. ఎవరూ ఏం మాట్లాడలేదు కాసేపు, ఇడ్లీ పాత్ర మూత తప్ప.

తర్వాత 41. సంతృప్తి స్థాయి. చదువు రానివాళ్ల కోసం ఐదు బొమ్మలు పెట్టారు, బాగా ఏడ్చే మొహం నుంచి బాగా నవ్వే మొహం దాకా, గుండ్రంగా, పసుప్పచ్చగా. అవ్వ దగ్గరికి తీసుకుని చూసి "ఇవి అడుగంటినయ్యి" అంది. ఆమె లోకంలో గుండ్రంగా పసుపు రంగుకి తిరిగినదేదైనా మాడిన ఇడ్లీనే. పథకం మీద మీ అభిప్రాయం ఏ మొహమో చూపించమన్నారు. వేలు ఎక్కడ పడితే అక్కడ టిక్కు పడే యంత్రం ముందు, చట్నీ అంటిన చేత్తో, దూరం నుంచే చూపిద్దామని అవ్వ వేలు చాపింది, తగిలింది, నవ్వే మొహం మీద. "చాలా సంతృప్తి" అని అబ్బాయి చదివాడు. ఇక అది నివేదికలో ఒక రంగు చక్రమవుతుంది, చక్రంలో పెద్ద ముక్క ఆకుపచ్చగా ఉంటుంది, ఎవరో ఒకాయన ఏసీ హాల్లో దానిమీద లేజరు లైటు తిప్పుతాడు. ఆ ఆకుపచ్చ కొబ్బరి చట్నీదని ఆయనకి ఎవరు చెప్పాలి?

నేను ఉండబట్టలేక ట్యాబు తీసుకుని 64 ప్రశ్నలూ తిరగేశాను. "ఏమ్మా, డబ్బులు పడుతున్నాయా లేదా అనే ప్రశ్న ఎక్కడుంది?" అన్నాను.

"అది ఔట్‌పుట్ అంకుల్. మేము ఔట్‌కమ్ చూస్తున్నాం" అంది ఆ అమ్మాయి. మర్యాదగానే చెప్పింది పాపం, నాకు అర్థం కావాలని ఆశపడుతూ చెప్పింది. డబ్బులు పడటం, పడకపోవడం వాళ్ల స్కోప్‌లో లేదట. అన్నం పెట్టారా అని అడగరు, అరిగిందా అని అడుగుతారు.

డబ్బులు ఎందుకు రావట్లేదని ఆఫీసులో అడిగితే ఇంకో శాస్త్రం చెప్పారు. ఇందులో కేంద్రం వాటా రూపాయికి 60 పైసలు, రాష్ట్రం వాటా 40. ఆ 60 వస్తేగానీ ఈ 40 కదలదు, ఈ 40 వాడినట్టు కాగితం పోతేగానీ ఆ 60 కదలదు. వంద పైసలు కలిసి ప్రయాణించే రైలు ఇంకా కనిపెట్టలేదు గాబోలు.

ఇంతవరకూ నవ్వుకున్నాను, నిజంగానే. మంచి వ్యాసం దొరికిందని లోపల సంబరపడ్డాను కూడా.

అప్పుడు మనవణ్ణి పిలిచారు. బడి సంచితో నిలబెట్టి ఫొటో తీశారు, అది సరే. "బాబూ, నీకు అమ్మమ్మ దగ్గర బాగుందా, హోంలో ఉంటే ఇంకా బాగుంటుందా?" అని అడిగారు. అవ్వ ముందే. వీధిలో, పది మంది చూస్తుండగా. ట్యాబులో రెండు గడులు తెరిచిపెట్టుకుని. వాడేం మాట్లాడలేదు, సంచి పట్టీ పట్టుకుని నిలబడ్డాడు. 'స్పందన లేదు' అని కొట్టారు. ఆ రాత్రి వాడు అన్నం ముందు కూర్చుని "నన్ను యాడికన్నా పంపిస్తున్నావా అమ్మమ్మా" అని అడిగాడట. మర్నాడు పొద్దున పిండి రుబ్బుతూ చెప్పింది అవ్వ.

ఎవరిచ్చారయ్యా మీకు ఆ హక్కు? తల్లీతండ్రీ ఒకరి తర్వాత ఒకరు మాయమైన పిల్లవాడికి, మిగిలిన ఆ ఒక్క ఇల్లు కూడా ఐచ్ఛికమే, టిక్కు పెడితే మారిపోతుంది అని చెప్పడానికి ఎవరిచ్చారు? 2015 బాలల న్యాయ చట్టం మూడో సెక్షన్‌లోనే రాసి ఉంది, పిల్లల్ని సంస్థలో పెట్టడం వేరే దారేదీ లేనప్పుడు, ఆఖరి మెట్టు అని. 2009లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన మార్గదర్శకాల్లో ఉంది, పేదరికం ఒక్కటే కారణంగా పిల్లల్ని కన్నవాళ్ల నుంచి విడదీయకూడదని. ఇవన్నీ మీ నివేదికల మొదటి పేజీలో అందమైన గడి కట్టి అచ్చేస్తారు కదా, ఒకసారి చదవచ్చుగా! హోంలో పెడితే ఒక్క పిల్లవాడి తిండీ బట్టలకే నెలకు 3000 అని మీ లెక్కే. ఆ పైన సూపరింటెండెంటు, వంటమనిషి, వాచ్‌మన్, భవనం అద్దె, కరెంటు బిల్లు. ఇక్కడ ముసలామె భవనం ఇచ్చింది, వంట చేస్తోంది, రాత్రి కాపలా ఉంటోంది, జ్వరమొస్తే మేలుకుంటోంది, జీతం అడగలేదు. మీరిస్తామన్న ఆ 4000 రోజుకి 133 రూపాయలు. అది కూడా ఇవ్వరు, ఇవ్వకుండా ఆమెకి మార్కులేస్తారు. ఏ నెలో అవ్వ చేతులెత్తేసి వాణ్ణి తీసుకెళ్లి హోం గేటు దగ్గర వదిలితే, 'కుటుంబం సంరక్షణకు విముఖత చూపింది' అని రాసుకుంటారు. దానికి మాత్రం గడి ఉంది, చూశాను, 58వ ప్రశ్న.

నన్నడిగితే ఒకటే ప్రశ్న చాలు. ఈ నెల డబ్బులు పడ్డాయా? పడ్డాయి, పడలేదు, రెండు గడులు. కారు అక్కర్లేదు, బ్యాంకుకి ఒక ఫోను చాలు.

అయినా ఆ పిల్లకాయల్ని అనలేను. పని ముగించుకుని పొయ్యి చుట్టూ కూర్చుని ఇడ్లీలు తింటూ, ఇద్దరు అబ్బాయిల్లో చిన్నవాడు, సారు ఫోను మాట్లాడుతూ పక్కకి పోయినప్పుడు చెప్పాడు, వాళ్లకీ రెండు నెలల నుంచి జీతం పడలేదట. "మీ ఔట్‌కమ్ ఎట్టా ఉంది?" అన్నాను. నవ్వాడు. అవ్వ ఇంకో రెండు ఇడ్లీలు వేసింది వాడికి, లెక్క రాయకుండా.

సారు వచ్చి డబ్బులు చేతికిచ్చాడు, బిల్లు కావాలన్నాడు. తిండి ఖర్చు పెట్టుకోవాలంటే బిల్లు లేకపోతే పాస్ కాదట. అవ్వకి రాయడం రాదు. నేను జేబులో పెన్ను తీసేలోపే మనవడు నోటుబుక్కులోంచి కాగితం చింపి, గట్టుమీద కూర్చుని, గీతలు కొట్టి మరీ రాశాడు. తేదీ వేశాడు. ఇడ్లీ 7 ప్లేట్లు, ప్లేటు 25, మొత్తం 175, ముట్టింది. కింద అవ్వ వేలిముద్ర. సారు మడిచి జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకోబోతుంటే "ఒక్క నిమిషం సార్" అని వెనక్కి తీసుకుని, ఇంకో లైను చేర్చాడు.

చట్నీ ఫ్రీ.