బాలమురళి రాసినవి ఎవరు పాడాలి?

మంగళంపల్లి బాలమురళీకృష్ణ అనగానే అందరికీ ముందు ఆ గొంతే గుర్తొస్తుంది. రావాలి కూడా, మూడు స్థాయిల్లో అంత హాయిగా తిరిగిన గొంతు మళ్లీ పుట్టలేదు. అయితే ఆయన 2016 నవంబర్‌లో కన్నుమూసిన దగ్గర్నుంచి జరుగుతున్నది చూస్తుంటే నాకు బాధగానే ఉంది. ప్రతి జయంతికీ, వర్ధంతికీ ఆయన పాడిన రామదాసు కీర్తనలు మోగుతాయి, సినిమా పాటలు మోగుతాయి, పద్మవిభూషణ్ దగ్గర్నుంచి ఫ్రాన్స్ ఇచ్చిన షెవాలియర్ దాకా బిరుదులన్నీ చదువుతారు. ఆయన సొంతంగా కట్టిన నాలుగు వందల పైచిలుకు రచనల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నా దృష్టిలో బాలమురళి ముందు వాగ్గేయకారుడు, అంటే మాటా పాటా రెండూ తానే కట్టే రచయిత, ఆ తర్వాతే గాయకుడు. తెలుగులో శాస్త్రీయ సంగీత రచన త్యాగయ్యతో ఆగిపోలేదని చెప్పడానికి మన కాలంలో ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు.

పదహారేళ్ల వయసుకే, కర్ణాటక సంగీతంలో మిగతా రాగాలకు మూలమైన 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టేశారాయన. 1952లో అవి ‘జనకరాగ మంజరి’గా పుస్తకమయ్యాయి, తర్వాత ‘రాగాంగ రావళి’ పేరుతో రికార్డులుగా కూడా వచ్చాయి. తమిళంలో కోటీశ్వరయ్యర్ అంతకుముందే ఈ పని చేశారు, నిజమే, కానీ ఇక్కడ చేసింది మీసం కూడా సరిగా రాని కోనసీమ కుర్రాడు. అదీ ఒకదానితో ఒకటి పొసగని స్వరాలుండే వివాది మేళాలంటే పెద్ద విద్వాంసులే దూరంగా జరిగే రోజుల్లో. ఆ వయసులో ఇంకెవరైనా అయితే గురువు నేర్పిన పాఠం తప్పు లేకుండా అప్పజెబితే చాలనుకుంటారు.

అసలు ఆయన ఏం చేశాడో తెలియాలంటే ‘ఓంకారాకారిణి’ ఒక్కటి శ్రద్ధగా వినండి. లవంగి, ఆయనే సృష్టించిన రాగం. స, రి, మ, ద - అంతే, నాలుగే స్వరాలు, ఎక్కేటప్పుడూ అవే, దిగేటప్పుడూ అవే. గాంధారం (గ) లేదు, నిషాదం (ని) లేదు, ఏ పాటకైనా నిలబడే చోటు ఇచ్చే పంచమం (ప) కూడా లేదు. షడ్జానికి ఆనుకునే శుద్ధ రిషభం ఉంది, అక్కడి నుంచి మధ్యమానికి ఒక పెద్ద గెంతు, మళ్లీ ధైవతానికి ఇంకో గెంతు, పై షడ్జానికి మరొకటి. మామూలుగా కచేరీల్లో వినిపించే అలవాటైన సంచారాలు ఇందులో పనికిరావు, ఎందుకంటే వాటికి కావలసిన మెట్లే ఇక్కడ లేవు. అయినా ఆ కృతిలో ఎక్కడా ఇరుకు అనిపించదు. గాయకుడు ఎక్కడ ఆగాలి, ఏ స్వరం మీద ఊగాలి, ఎక్కడ వదిలేయాలి అన్నీ రచనలోనే కూర్చి పెట్టేశారు. ఆయనే సృష్టించిన మహతి రాగం కూడా అంతే, స గ ప ని. 1975లో ఎం.ఎస్.విశ్వనాథన్ ఒక తమిళ సినిమా పాటను ఆ రాగంలోనే ఎత్తుకున్నారు. ఆ పాట విన్న లక్షలమందికి రాగం పుట్టిల్లు ఎక్కడో తెలియదు, కానీ చెవికి మాత్రం పట్టేసింది.

ఇలా కొత్త రాగాలు సృష్టించడం మీద 1980ల మొదట్లో ఎంత గొడవ జరిగిందో పాతవాళ్లకి తెలుసు. వీణ విద్వాంసుడు ఎస్.బాలచందర్ గట్టిగా అడ్డుపడ్డారు. ఆయన వైపు వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు: రాగం అంటే స్వరాల పట్టిక కాదు, తరాల తరబడి పాడగా పాడగా ఏర్పడే స్వరూపం, కనీసం అయిదు స్వరాలుండాలని సంప్రదాయం చెబుతుంది, ఎవరో కూర్చుని మూడో నాలుగో స్వరాలు ఏరి పేరు పెట్టినంత మాత్రాన రాగం పుట్టదు అని. తోడి, భైరవి లాంటి రాగాల విషయంలో ఇది అక్షరాలా నిజం.

కానీ ఇదే కొలత త్యాగయ్యకు పెట్టండి చూద్దాం. ‘మరుగేలరా’ లేకపోతే జయంతశ్రీ ఎక్కడుంది? ‘ఎంత ముద్దో’ లేకపోతే బిందుమాలిని ఎవరికి తెలుసు? ‘వినవే ఓ మనసా’ తీసేస్తే వివర్ధనిలో ఏం మిగులుతుంది? అంతెందుకు, ఇవాళ గంటసేపు పాడుకునే ఖరహరప్రియకు కూడా త్యాగయ్యకు ముందు చెప్పుకోదగ్గ రచన కనబడదు. ఒక్క కృతితో రాగానికి ప్రాణం పోయడం మన సంప్రదాయానికి కొత్త కాదు, మన సంప్రదాయం నడిచిందే అలా. త్యాగయ్య చేస్తే నాదోపాసన, బాలమురళి చేస్తే అహంకారం అన్నారంటే తేడా ఒక్కటే, బాలమురళి అప్పటికి బతికున్నాడు.

నా కోపమంతా ఇక్కడే. మన కచేరీ పద్ధతిలో బతికున్న రచయితకు చోటు లేదు. వర్ణం, త్రిమూర్తులైన త్యాగయ్య, దీక్షితార్, శ్యామశాస్త్రి కృతులు, ఒక పెద్ద రాగం, మృదంగం వాళ్ల తని ఆవర్తనం, ఆ తర్వాత జనం చెప్పులు వెతుక్కునే వేళకి జతులతో హుషారుగా సాగే ఒక తిల్లానా. బాలమురళి రచనల్లో ఎక్కువగా బయట వినిపించేవి ఆ తిల్లానాలే. కదనకుతూహలం రాగంలో ఆయన కట్టిన తిల్లానా లేకుండా నాట్య ప్రదర్శనలు ముగియడం అరుదైపోయింది, విజయవాడలో అయినా డల్లాస్‌లో అయినా అదే. అక్కడ మైకు పట్టుకున్నవాళ్లు రాగం చెబుతారు, తాళం చెబుతారు, నాట్యం కూర్చిన గురువుగారి పేరు చెబుతారు, స్పాన్సర్లకు ధన్యవాదాలు చెబుతారు. రాసినాయన పేరు చాలాసార్లు రాదు. చరణంలో ‘మురళి’ అని ఆయన పెట్టుకున్న ముద్ర ఉంటుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే అదీ లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆయన రచనల మీద హక్కు 2076 చివరి దాకా ఉంటుంది. ఆ సంగతి ఆలోచించి కార్యక్రమం వేసే నిర్వాహకులు నాకు ఒక్కరూ తారసపడలేదు.

మరి ఇలాంటి వాతావరణంలో ఆయన అన్ని రచనలు ఎలా చేయగలిగారు? ప్రతిభ అని సరిపెట్టుకోవద్దు. ప్రతిభ ఉన్నవాళ్లు ఎందరో ట్యూషన్లు చెప్పుకుంటూ అయిపోయారు. బాలమురళి వెనకాల రేడియో ఉంది. విజయవాడ, హైదరాబాద్, మద్రాసు కేంద్రాల్లో ఆయన ఉద్యోగం చేశారు. 1948 డిసెంబర్‌లో మొదలైన విజయవాడ కేంద్రాన్నే తీసుకోండి, బాలాంత్రపు రజనీకాంతరావు, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, అన్నవరపు రామస్వామి లాంటి సంగీతకారులంతా అక్కడ నెల జీతం మీద పనిచేశారు. పొద్దున్నే వచ్చే భక్తిరంజని కార్యక్రమానికి కొత్త కీర్తన కావాలి, పండగకి సంగీత రూపకం కావాలి, రేపటికి ఈ పద్యానికి వరస కావాలి. అడిగేవాళ్లున్నారు, రిహార్సల్‌కి వాద్యగాళ్లున్నారు, ఒకటో తారీఖున జీతం వస్తుంది. అందులో గొప్పవి కొన్ని, మామూలువి చాలా వచ్చుంటాయి, రచన అంటే అంతే కదా, చేతినిండా పని ఉంటేనే మంచిది బయటికొస్తుంది. ఇవాళ ఆకాశవాణిలో నిలయ విద్వాంసులు, అంటే జీతం మీద పనిచేసే సంగీతకారులు, రిటైరైతే ఆ కుర్చీ చాలాచోట్ల ఖాళీగానే ఉండిపోతోంది.

బయటి దేశాల్లోనూ రచయిత బతుకు పూలపాన్పేమీ కాదు. అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ ఇప్పుడు ప్రపంచ ప్రసిద్ధుడు. ఆయన ఒపేరా, అంటే సంగీత నాటకం, 1976లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ హాల్లో ఆడాక కూడా అప్పులు మిగిలి, మళ్లీ టాక్సీ నడుపుకున్నాడు, ప్లంబర్ పని కూడా చేసినవాడే. ఆ బతుకు నుంచి ఆయన్ని బయటపడేసింది ఒక నగరం. కొత్త ఒపేరా రాయమని నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరం డబ్బిచ్చింది. దక్షిణాఫ్రికాలో గాంధీ మీద, భగవద్గీత సంస్కృత శ్లోకాలే సాహిత్యంగా ఆయన రాసిన ఆ ఒపేరా 1980లో అక్కడే మొదటిసారి ఆడింది. మన గాంధీ, మన గీత, డబ్బు మాత్రం వాళ్ల మునిసిపాలిటీది. మన కార్పొరేషన్లలో ఏ ఒక్కటైనా కొత్త కృతి రాయమని ఒక వాగ్గేయకారుడికి చెక్కు ఇచ్చిందా?

ప్రభుత్వాలు పట్టించుకోకపోతే ఏమవుతుందో బాలమురళికి అందరికంటే ముందే అర్థమైంది. 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం కళలకు అండగా ఉన్న అకాడమీలను రద్దు చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పాడనని ఆయన భీష్మించారు. ఏదో పంతం అన్నారు అప్పట్లో. నాకది పంతంలా కనిపించదు. విజయవాడ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మనిషికి సంస్థ అంటే ఏమిటో, అది పోతే వెనక వచ్చే పిల్లల గతేమిటో తెలుసు. తన గొంతుకి టికెట్లు ఎక్కడైనా తెగుతాయి, రాసేవాడికి మాత్రం ఒక గది, ఒక జీతం కావాలి.

2030 జూలై 6కి ఆయనకు నూరేళ్లు. రెండు రాష్ట్రాలూ ఇప్పుడే మొదలుపెడితే టైముంది. విగ్రహాలూ బిరుదులూ పక్కనపెట్టి ముందు 72 మేళకర్త కృతులకు ప్రామాణిక స్వరలిపి తేవాలి, సంగీత కళాశాలల సిలబస్‌లో వాటిని చేర్చాలి, కచేరీలో ప్రధాన కృతి బాలమురళిదే పాడాలన్న షరతుతో సభలకు నిధులివ్వాలి. వాటితోపాటు ఏటా నలుగురైదుగురు యువ వాగ్గేయకారులకు ఏడాది జీతమిచ్చి, తెలుగులో కొత్త కృతులు రాయించి, వాళ్ల పేరు మైకులో చెప్పి పాడించాలి.