లుంగీ ముందు మనవడు

మా మనవడికి తొమ్మిది నెలలు. పుట్టింది టెక్సస్‌లో. ప్రస్తుతం నెల్లూరులో మా మంచం మీద బోర్లా పడుకుని నా కళ్లజోడు నాకుతున్నాడు. వాడి పాస్‌పోర్టు మీద అమెరికా అని ఉండటం చూశాను గానీ, ప్రయాణానికి ఏదో ఒకటి ఇచ్చారులే అనుకున్నాను.

"ఎటూ వచ్చారు గదమ్మా, వీడికి ఇక్కడి పౌరసత్వం కూడా రాయించెయ్యి. కలెక్టరాఫీసు దగ్గరే" అన్నాను అమ్మాయితో.

"అట్టా కుదరదు నాన్నా" అంది. అక్కడ పుడితే చాలట, ఆ దేశం పౌరుడే. 1868లోనే రాజ్యాంగంలో రాసేసుకున్నారు. మన దేశమేమో రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. పుట్టిన ఏడాదిలోపు మన కాన్సులేట్‌లో నమోదు చేయిస్తే మన పౌరుడయ్యేవాడే గానీ, బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. "ఆ పాస్‌పోర్టుతోనే గదా వీడు విమానం ఎక్కింది!"

పదేళ్ల కిందట ఇదే అమ్మాయి కోసం మా ఆవిడ బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండగనాడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి, విదేశం వెళ్లాలని కోరుకునేవాళ్లు పట్టే విదేశీ రొట్టె పట్టుకుంది. కోరిక తీరింది. మరుసటి ఏడాది వెళ్లి రొట్టె వదిలి కూడా వచ్చింది. తిరిగి రప్పించే రొట్టె ఏదన్నా ఉందేమో అప్పుడే అడిగుండాల్సింది.

ఇక మిగిలింది ఓసీఐ. విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్లకిచ్చే కార్డు. 2006 జనవరిలో హైదరాబాదులోనే మొదటి కార్డులు పంచారు. జీవితాంతం వీసా లేకుండా రావచ్చు, పోవచ్చు. ఓటు మాత్రం ఉండదు. మా నెల్లూరులో ఓసీ అంటే ఊరికే వచ్చేది. ఈ ఓసీఐకి 275 డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూసుకుని ఒక గ్లాసు మజ్జిగ తాగాను.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపి, ఫోటో, సంతకం ఎక్కించాలి. మిగతా కాగితాలు వాళ్లు అమెరికా వెళ్లాక పంపుకుంటారు. పిల్లాడు మైనరు కాబట్టి తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఫోటో, సంతకం ఇక్కడే తేల్చేద్దాం, ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం గదా అంది అమ్మాయి. ఇంతమందిమి ఉండటమే తప్పయింది.

ఫోటో రెండంగుళాల చదరం. రెండు కళ్లూ తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి. తొమ్మిది నెలల పిల్లాడికి ఈ రెండూ ఒకేసారి జరగవు. ట్రంకు రోడ్డులో స్టూడియో అబ్బాయి గిలక్కాయ ఊపాడు, పిల్లిలా అరిచాడు, చివరికి తనే ఏడుపు మొహం పెట్టాడు. ఎలాగో ఒక ఫోటో కుదిరింది. ఇంటికొచ్చాక అమ్మాయి నిబంధనలు మళ్లీ చదివింది. వెనక తెలుపు ఉండకూడదు, లేత రంగు ఉండాలి. స్టూడియోలో ఉన్నది తెల్ల గుడ్డే.

మా ఆవిడ బీరువాలోంచి లేత గంధం రంగు వెంకటగిరి చీర తీసింది. బుటాలున్నాయి, పనికిరాదు. దుప్పట్లన్నిటి మీదా పూలు. సాదాగా, లేత నీలంగా ఇంట్లో ఉన్న గుడ్డ ఒక్కటే. అది నేను కట్టుకుని ఉన్నాను. పంచెలోకి మారి, లుంగీ ఇచ్చేశాను. దాన్ని గోడకు మేకులు కొట్టి వేలాడదీసి, ముందు పిల్లాణ్ణి పెట్టి, పక్కనుంచి చేతులు కనబడకుండా పట్టుకుని అరవై ఫోటోలు తీశారు. రేపు ఏ ఎయిర్‌పోర్టులో ఏ అధికారి ఆ కార్డు చూసినా, వాడి తల వెనక ఉన్న ఆకాశం నాదే. ఇది ఒకసారితో పోయేది కూడా కాదట. అక్కడ చిన్నపిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లే. వీడికి ఇరవై ఏళ్లు వచ్చేదాకా అది మారినప్పుడల్లా కొత్త ఫోటో ఎక్కించాలి. లుంగీని జాగ్రత్తగా దాచమన్నారు.

ఇక సంతకం. రానివాళ్లు బొటనవేలి ముద్ర వెయ్యాలి. స్టాంపు ప్యాడు తెచ్చాను.

"ఏందండీ మీరు! బిడ్డ నోట్లో పెట్టుకుంటే?" అని మా ఆవిడ దాన్ని లాక్కుని, ఆముదం దీపానికి తను పట్టిన కాటుక తెచ్చింది. కాటుక నల్లగానే ఉంది గానీ జిడ్డు. మొదటి ముద్ర కాగితం మీద దోసెలా పరుచుకుంది. రెండోది, సంతకానికి గీసిన డబ్బా గీత దాటింది. డబ్బా ఎత్తుకు మూడింతలు వెడల్పు ఉంటుంది, ముద్ర గీతకు తగలకూడదు. వాడి బొటనవేలు చిక్కుడు గింజంత. మనం పట్టుకోగానే పిడికిలి బిగిస్తాడు. విప్పితే అయిదు వేళ్లూ కలిసి వస్తాయి. వీడియో కాల్‌లో అల్లుడుగారు "నెమ్మదిగా, నెమ్మదిగా" అంటున్నారు. అక్కణ్ణుంచి అనడం సులువు.

కాగితాలు పదకొండు అయిపోయాయి. కాటుక దిండు మీద, నా పంచె మీద, ఫోను మీద, అమ్మాయి ముక్కు మీద పడింది. డబ్బాలో మాత్రం పడలేదు.

ఈ సందట్లోనే నేను చెయ్యకూడని పని ఒకటి చేశాను. కోవూరు దగ్గర మాకు రెండెకరాల మాగాణి ఉంది. కార్డు వచ్చాక అది వీడి పేరున రాసేద్దామని పట్టాదారు పాసుపుస్తకం తెచ్చి మంచం మీద పెట్టాను.

"ఓసీఐ వాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు నాన్నా."

"కొనేదెవరు? నేనే ఇస్తున్నా గదా."

"ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు."

"అంటే?"

అమ్మాయి ఫోను వైపు చూసింది. అల్లుడుగారు ఎటో చూశారు. మా ఆవిడ కాటుక డబ్బీ మూత పెట్టింది. మనవడికి పొలం రావాలంటే ముందు నేను పోవాలన్న సంగతి గదిలో అందరికీ ఒకేసారి అర్థమైంది.

అందరం అలా ఉండిపోయిన ఆ నిమిషంలో పిల్లాణ్ణి ఎవరూ పట్టుకోలేదు. వాడు పాక్కుంటూ పోయి, పాసుపుస్తకం తెరిచి, దాని మీద చెయ్యి ఆనించి లేవబోయాడు.

అమ్మాయి వాణ్ణి ఎత్తుకుని పుస్తకం చూసింది. నా ఫోటో కింద, పట్టాదారు సంతకం ఉండేచోట, ఒక్క వేలే పడింది. గీతలన్నీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది. ఏ అంచుకూ తగల్లేదు.

"నాన్నా," అంది కాసేపటికి, "ఇది స్కాన్ చేసుకోమా?"