జాలి లేని సైలెన్సర్

దేశంలో కొందరి సేవకు గుర్తింపు రాదు. బళ్ల పొగకు హద్దు పెట్టే భారత్ స్టేజ్ నిబంధనల్లో నాలుగోది, అంటే బీఎస్-4, 2017 ఏప్రిల్‌లో దేశమంతా వచ్చింది. ఆ తర్వాత ఐదో మెట్టును అమాంతం దాటేసి 2020 ఏప్రిల్ 1న బీఎస్-6లోకి దూకాం. ఆ దూకుడు కోసం కంపెనీలు కార్బ్యురేటర్లను సాగనంపి ఇంజెక్టర్లు తెచ్చాయి, సెన్సర్లు తగిలించాయి, బండి ధర పెంచాయి. ఇంతమంది ఇంజనీర్లు ఏళ్ల తరబడి పడ్డ పాటును రాణీగంజ్ సందులోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఒక మెకానిక్కు నాలుగంగుళాల గ్రైండరుతో మోటారుసైకిల్ పొగగొట్టం కోసి, అందులో పొగ శుద్ధి చేసే ముక్కను పీకి, మధ్యాహ్నం భోజనానికి ముందే రద్దు చేసేస్తున్నాడు. పద్మశ్రీ మాట దేవుడెరుగు, అతనికి ఒక శాలువా కప్పిన పాపాన ఎవరూ పోలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ముందు ముద్దాయి పరిచయం. పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. షెడ్డులో పిలుపు జాలీ. నివాసం ఇంజను నుంచి సైలెన్సర్‌కు పొగ తెచ్చే బెండుపైపులోనో, సైలెన్సర్ మొదట్లోనో. పల్చటి లోహపు రేకును తేనెపట్టులా చుట్టి, దానిపై ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత పూస్తారు. అది రెండు మూడు వందల డిగ్రీల వేడి ఎక్కాక పని మొదలుపెడుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా, కాలని పెట్రోలును నీటిఆవిరి, కార్బన్ డయాక్సైడ్‌లుగా, నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా మారుస్తుంది. జీతం అడగదు, ఆయిల్ తాగదు, సర్వీసింగుకు రాదు. ఇంత వినయంగా ఉండేవాడిమీద అనుమానం రావడం సహజమే.

ఆరోపణ ఏమిటంటే బండికి ఊపిరి ఆడనివ్వడం లేదట. ఈ కేసు ప్రతి షెడ్డులోనూ ఒకే తీరున నమోదవుతుంది. "బండి గుంజుతలేదన్నా" అని ఫిర్యాదుదారు అంటాడు. "జాలీ తీపిచ్చేయ్ తమ్మీ, గాలి లెక్క పోతది" అని తీర్పు వెలువడుతుంది. విచారణ, సాక్ష్యాలు, వాదనలు అన్నీ ఆ రెండు వాక్యాల మధ్యే ముగిసిపోతాయి. బండికి చివరిసారి ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారని కోర్టు అడగదు.

ఒక రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 సీసీ క్లాసిక్‌నే తీసుకోండి. కంపెనీ చెప్పిన లెక్క 6,100 ఆర్‌పీఎం దగ్గర 20.2 హార్స్‌పవర్, 4,000 దగ్గర 27 న్యూటన్ మీటర్ల టార్కు. జాలీ వల్ల పొగదారికి కొంత అడ్డు ఉంటుంది, కాదనలేం. అయితే ఆ అడ్డు తెలిసేది ఇంజను నిండుగా పొగ వదిలేటప్పుడు, అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఆర్‌పీఎం పైకి తీసుకెళ్లినప్పుడు. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా సాయంత్రం ఆరింటికి రెండో గేరులో పాకే బండికి ఆ భాగ్యం ఎన్నిసార్లు దక్కుతుందో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. పైగా అడ్డు తీసేసి వెడల్పాటి ఫ్రీ ఫ్లో పైపు బిగిస్తే, తక్కువ ఆర్‌పీఎంలో పొగ వేగం తగ్గి, ఈ బండి కొనడానికి అసలు కారణమైన ఆ కింది లాగుడు కాస్తా సన్నగిల్లుతుంది. కానీ చప్పుడు రెట్టింపవుతుంది కదా. హార్స్‌పవర్‌ను చెవులతో కొలిచే విద్య మనవాళ్లకు పుట్టుకతోనే వచ్చింది. దానికి డైనమోమీటర్ అక్కర్లేదు, పక్కింటివాళ్లు లేచి కూర్చుంటే చాలు.

ఇక విమోచన క్రతువు. బండి చల్లారాక బెండుపైపును ఇంజను పైభాగానికి, అంటే హెడ్డుకు, పట్టి ఉంచే రెండు నట్లు విప్పాలి. మన మెకానిక్కుకు చల్లారేదాకా ఆగే ఓపిక ఉండదు. తుప్పు నూనె కొట్టి నానబెట్టే అలవాటూ ఉండదు. కాబట్టి ఆ నట్లు ఎక్కే మర కడ్డీలు, అంటే స్టడ్లు, పదిలో కొన్ని అల్యూమినియం హెడ్డులోనే పుటుక్కుమంటాయి. ఆ ముక్కను డ్రిల్లు చేసి తీసి, పాడైన మరలో హెలికాయిల్ అనే తీగచుట్ట మర దిగ్గొట్టడం ఇంకో రోజు పని, ఇంకో బిల్లు. అన్నీ సజావుగా జరిగినా పైపుకూ హెడ్డుకూ మధ్య ఉండే గ్యాస్కెట్ ఒకసారి నలిగాక మళ్లీ పనికిరాదు. కొత్తది చవకే. అందుకే దాన్ని మార్చరు. పాతదే తట్టి, తుడిచి, బిగించేస్తారు.

ఈ చవక గ్యాస్కెట్ దగ్గరే కథ మలుపు తిరుగుతుంది. అది సరిగ్గా కూర్చోకపోతే పొగ పోటుకూ పోటుకూ మధ్య ఆ సందులోంచి బయటి గాలి పైపులోకి దూరుతుంది. దాని కిందనే ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. దానికి గాలిలోని ఆక్సిజన్ కనిపించగానే ఇంజనులో పెట్రోలు తక్కువైందనుకుని, ఇంజను లెక్కలు చూసే కంప్యూటరైన ఈసీయూకు కబురు పంపుతుంది. ఈసీయూ నమ్మి ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, యాక్సిలరేటర్ వదలగానే వెనక టపటపమంటుంది. అప్పుడు మెకానిక్కు తలపంకించి, "జాలీ తీసినా సెన్సర్ వదల్లేదు తమ్మీ, అదీ తీసేద్దాం" అంటాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఈ సెన్సర్‌ను చూసే పుట్టి ఉండాలి, కాకపోతే కాలం కలవడం లేదు.

పైపు కోసే ఘట్టానికి వద్దాం. జాలీ ఉన్న చోట పైపును చీల్చి, తేనెపట్టును లాగేసి, మళ్లీ వెల్డింగ్ పెడతారు. స్టెయిన్‌లెస్ పైపుకు మామూలు ఇనుప రాడ్డుతో అతుకు వేస్తే మొదటి వానాకాలానికే అక్కడ తుప్పు బొట్టు పెట్టుకుంటుంది. పైపు బండి మీదే ఉంచి, బ్యాటరీ వైరు తీయకుండా ఆర్క్ వెల్డింగ్ చేస్తే ఈసీయూకే ముప్పు. కొందరు పైపు కోయడం దేనికని లోపలికి ఇనుప చువ్వ దింపి పొడుస్తారు. రేకు చిరుగుతుందే కానీ పూర్తిగా ఊడి రాదు. చిరిగిన ముక్కలు వెళ్లి సైలెన్సర్ అడ్డుపలకల్లో ఇరుక్కుంటాయి. ఊపిరి ఆడటం లేదని వైద్యానికి వచ్చిన బండికి ఇప్పుడు నిజంగానే ఊపిరి ఆడదు.

బయటికి తీసిన జాలీ ఎక్కడికి పోతుందని మాత్రం ఎవరూ అడగరు. బండి మొత్తంలో విలువైన లోహాలున్న ముక్క అదే. ఉండేది చిటికెడే అయినా, వాటిని కొనే తుక్కు వ్యాపారులు ప్రత్యేకంగా ఉన్నారు. కస్టమరు కూలీ ఇచ్చి మరీ ప్లాటినం, పల్లాడియం వదిలి వెళ్తున్నాడు. కర్ణుడు కవచం కోసిచ్చాడని యుగాలుగా చెప్పుకుంటున్నాం. ఆయన ఎదురు డబ్బులైతే ఇవ్వలేదు.

మిగిలింది సెన్సర్. దాని పని చూస్తే జాలి వేస్తుంది. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టుల వైపు, తక్కువైతే 0.1 వైపు కదులుతూ క్షణక్షణం ఈసీయూకు లెక్క చెబుతుంటుంది. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి అనే తూకం చుట్టూ మిశ్రమాన్ని తిప్పేది అదే. పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు చాలా ఈసీయూలు దాని మాట పక్కనపెట్టి తామే పెట్రోలు పెంచుతాయి. అంటే ఓవర్‌టేక్ చేస్తున్నప్పుడు సెన్సర్ అడ్డుపడుతుందన్న ఫిర్యాదు చెల్లదు. అయినా విప్పేస్తారు. దాని సాకెట్‌లో డమ్మీ అని ఒక రెసిస్టర్ ముక్క గుచ్చుతారు. రెసిస్టర్‌కు నటన రాదు. ఊగాల్సిన వోల్టేజీ కదలకుండా కూర్చుంటే ఈసీయూకు అనుమానం వచ్చి, మీటరులో ఇంజను గుర్తున్న పసుపు దీపం వెలిగించి, మెమరీలో ఉన్న గుడ్డి లెక్కతో బండి నడుపుతుంది. దీపానికి చికిత్స నల్ల టేపు.

ఈ గుడ్డి లెక్కతో అసలు ఇబ్బంది బంకులో మొదలవుతుంది. ఇప్పుడు మనకు పోస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది, పెట్రోలుతో పోలిస్తే లీటరుకు మూడో వంతు శక్తి తక్కువ. ఈ మిశ్రమానికి సరైన తూకం 14.7 కాదు, దాదాపు 13.5. ఏ బంకులో ఏం పోశారో ఈసీయూకు రసీదు రాదు. ఆ తేడాను పసిగట్టి ఇంజెక్టర్‌ను ఇంకొంచెం సేపు తెరిపించేది ఆ సెన్సరే. దాన్ని పీకేసిన బండి కొత్త ఇంధనం మీద గాలి ఎక్కువై, పెట్రోలు చాలక ముక్కుతుంది, కుదుపుతుంది, తొడలు కాలుస్తుంది. దాని యజమాని ఇథనాల్‌ను తిడుతూ ఫేస్‌బుక్‌లో పెద్ద పోస్టు పెడతాడు. ఆయన దేశభక్తిని మనం శంకించకూడదు.

చిన్న బలులు కూడా ఉన్నాయి. ఎయిర్ బాక్సు నుంచి హెడ్డుకు వెళ్లే సన్న గొట్టం ఒకటి చాలా బళ్లలో ఉంటుంది. పొగదారిలోకి కాస్త మంచి గాలి వదిలి, మిగిలిన పెట్రోలు ఆవిరిని అక్కడే కాల్చేయడం దాని పని. జాలీ తీసి ఫ్రీ ఫ్లో పెట్టాక వచ్చే టపాకాయల మోతలో దీనికీ వాటా ఉంటుంది కాబట్టి గొట్టంలో బేరింగు గుండు దూర్చి క్లిప్పు బిగిస్తారు. నిజానికి ఈ క్రతువు మొత్తంలో బండికి కీడు చేయనిది ఇదొక్కటే. ఇంజనుకు ఏమీ కాదు, లాభమూ ఉండదు.

తర్వాత బొగ్గు డబ్బా. ట్యాంకులో లేచే పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచి, నడుస్తున్నప్పుడు ఇంజనుకే తిరిగి ఇచ్చే పొదుపరి. బరువు తగ్గుతుందని దీన్నీ పీకేస్తారు. వంద కిలోల మనిషి వెనక ఎనభై కిలోల స్నేహితుడిని ఎక్కించుకుని వెళ్లే బండి మీద ఆ డబ్బా బరువు ఎంత భారమో మీరే ఊహించండి. పీకినవాళ్లు ఇంజనుకు గాలి వదిలే థ్రాటిల్ బాడీ దగ్గరి ముక్కుకు మూత పెట్టడం మరిస్తే అక్కడ లెక్కలో లేని గాలి దూరి ఐడిలింగ్, అంటే యాక్సిలరేటర్ తిప్పనప్పటి ఇంజను వేగం, పైకీ కిందికీ ఊగుతుంది. దానికి భిన్నంగా, ట్యాంకు గాలిగొట్టాన్నే జాగ్రత్తగా మూసేసిన నిపుణులూ ఉన్నారు. ట్యాంకులోకి గాలి రాక, పెట్రోలు కిందికి దిగక, బండి కొంతదూరం వెళ్లి ఆగిపోతుంది. మూత తెరిస్తే సుయ్‌మంటుంది, మళ్లీ స్టార్టవుతుంది. దాన్ని దిష్టి అనుకుని నిమ్మకాయ కట్టినవాళ్లను తప్పు పట్టలేం.

బండి గుంజకపోవడానికి అసలు కారణాలేంటి అని అడిగే మొండివాళ్లు కొందరుంటారు. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్. చల్లటి ఇంజను మీద ఫీలర్ గేజ్ అనే సన్న రేకులతో ఎన్నడూ చూడని వాల్వు క్లియరెన్స్, అంటే వాల్వు దగ్గరి సందు. మసి పట్టిన థ్రాటిల్ బాడీ. చాలా బళ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉండాల్సిన చైను వదులు బాగా ఎక్కువై చప్పట్లు కొట్టడం. పట్టి వదలని బ్రేకు, గాలి లేని టైరు. ఇవన్నీ సరిచేస్తే బండి నిజంగానే బాగుపడుతుంది. కానీ అందులో వీరత్వం ఎక్కడుంది? టైర్లలో గాలి కొట్టించుకున్నానని వీధి చివర నిలబడి ఎవరు చెప్పుకుంటారు?

ఇక ప్రభుత్వం. ఇక్కడ దాని సహకారానికి కృతజ్ఞతలు చెప్పాలి. పెట్రోలు బండి పొల్యూషన్ పరీక్ష ఐడిలింగ్‌లో జరుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్ల జోలికి పోదు. జాలీ పీకడం వల్ల రోడ్డు మీద పెరిగే వాటిలో ఒక ముఖ్యమైనదాన్ని అడగని పరీక్ష ఇది. బీఎస్-4, బీఎస్-6 బళ్లకు సర్టిఫికెట్ ఏడాది చెల్లుతుంది. ఏడాదికోసారి అటక మీది పాత సైలెన్సర్ దించి, బిగించి, పరీక్ష పాసై, మళ్లీ అటకెక్కించే కుటుంబాలకు ఇదొక పండగ.

చట్టం మాత్రం కొంచెం మొరటుగా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన బండిని మార్చొద్దంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) ప్రకారం, అనుమతి లేకుండా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. సైలెన్సర్, సెన్సర్, గొట్టం, డబ్బా కలిపితే 20,000. 190(2) కింద చప్పుడు, పొగ నిబంధనలు మీరితే మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. దాంతోపాటు మూడు నెలలు లైసెన్సు ఉండదు. పోలీసులు అప్పుడప్పుడు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరుసగా పరిచి రోలర్ ఎక్కిస్తారు. చప్పుడు ఎక్కువని పట్టుకున్నవాటిని అంతకన్నా పెద్ద చప్పుడుతో శిక్షించడం, టీవీలో చూడటానికి బాగానే ఉంటుంది. బయట చప్పుడు చేయకుండా లోపల జాలీ మాత్రమే పోగొట్టుకున్న పైపులు ఆ వరుసలోకి రావు.

అమెరికాలో ఈ ఉద్యమానికి పెద్దల అండ కూడా దొరికింది. ఇంజను లెక్క మార్చే ట్యూనర్లు దాదాపు 3,40,000 అమ్మినందుకు అక్కడి పర్యావరణ సంస్థ కేసు పెడితే, హార్లీ డేవిడ్‌సన్ 2016లో 1.2 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. అక్కడ అంత పెద్ద కంపెనీ చేయాల్సిన పనిని ఇక్కడ బనియను వేసుకున్న ఒక్క మనిషి చేస్తున్నాడంటే కుటీర పరిశ్రమ ఎంత బలపడిందో తెలుస్తుంది.

అయితే ఉద్యమకారులకు గడ్డు రోజులే ముందున్నాయి. 2025 ఏప్రిల్ నుంచి వస్తున్న, తమ పొగ భాగాలను తామే పరీక్షించుకునే ఓబీడీ-2బీ నిబంధన బళ్లు జాలీ పనితీరును కూడా కనిపెట్టి చూస్తాయి. అది లేదని తెలియగానే దీపం వెలుగుతుంది. టేపుల అమ్మకాలు పెరగవచ్చు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకు చిన్న సలహా. అమ్మేవాడు "అంతా స్టాక్ కండిషనే బ్రదర్" అంటే నమ్మండి, ఆ తర్వాత బెండుపైపు అడుగున వేలు పెట్టి రాయండి. కంపెనీ అతుకు సన్నగా, సమంగా ఉంటుంది. షెడ్డు అతుకు చేతికి గుచ్చుకుంటుంది. కీ ఆన్ చేయగానే మీటరులో ఇంజను గుర్తు దీపం వెలగాలి, ఇంజను స్టార్టయ్యాక ఆరాలి. ఆరకపోతే బేరం ఆడండి. అసలు వెలగనే వెలగకపోతే బేరం ఆపి, మీటరు అద్దాన్ని గోటితో గీకి చూడండి.