ముందు నాలా, తర్వాతే లేఅవుట్

అవుటర్ రింగ్ రోడ్డు దిగి ఏ వైపు పది నిమిషాలు వెళ్లినా ఒకటే దృశ్యం. మొన్నటిదాకా జొన్న, కూరగాయలు పండిన చేలల్లో హద్దురాళ్లు పాతి ఉంటాయి. వాటి మధ్య మట్టిరోడ్డు, రోడ్డు మొదట్లో రంగుల ఆర్చి. విమానాశ్రయం ఎంత దూరమో, ఐటీ కారిడార్‌కు ఎన్ని నిమిషాలు పడుతుందో బ్రోచర్లో రాసి ఉంటుంది. వాన పడితే ఆ నేల మీది నీళ్లు ఏ దారిన పోతాయో మాత్రం ఉండదు. హైదరాబాద్ ఇప్పుడు పెరుగుతున్నది ఈ చేలల్లోనే. ఇక్కడ ఇవాళ చేసే తప్పులను మన పిల్లలు నడుంలోతు నీళ్లలో నిలబడి భరించాల్సి వస్తుంది.

నగరం పెరగకూడదని మేము అనడం లేదు. గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోతే మూసీ దాటి 1591లో చార్మినార్ చుట్టూ కొత్త ఊరు కట్టుకున్నారు. పెరగడంతోనే ఈ నగరం పుట్టింది. కానీ వరస చూడండి. 1560లలోనే హుస్సేన్‌సాగర్ తవ్వారు, 1578లో పురానాపూల్ కట్టారు. చెరువు, వంతెన సిద్ధమయ్యాకే నగరం వచ్చింది. 1901 జనాభా లెక్కల నాటికి ఇక్కడ ఉన్నది సుమారు నాలుగున్నర లక్షల మంది. 2011కి ఒక్క జీహెచ్‌ఎంసీ పరిధిలోనే 67 లక్షలు దాటారు. పాలమూరు నుంచి, కోస్తా నుంచి, సీమ నుంచి, ఒడిశా, బిహార్ నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చినవాళ్లను ఈ నగరం కడుపులో పెట్టుకుంది. గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఇక హైదరాబాద్ వదలరని ఊరికే అనలేదు.

ఆ గండిపేట ఎలా వచ్చిందో ఇప్పుడు గుర్తు చేసుకోవాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఆ చెట్టు దగ్గర ఏటా వాళ్లను తలుచుకుంటారు. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన చూపు ఏటి ఒడ్డున గోడ దగ్గరే ఆగిపోలేదు. ఎగువన పరీవాహక ప్రాంతమంతా లెక్కలు తీయించారు. నగరానికి పైన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉంటే, ఆ వానకు 221 తెగిపోయాయి. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడింది, అదీ తెగింది, అన్నీ కలిసి నగరం మీద పడ్డాయి. అందుకే వరదను నగరంలోకి రాకముందే పట్టి నిలిపేందుకు రెండు పెద్ద జలాశయాలు కట్టాలన్నారు. ఉస్మాన్‌సాగర్ (అదే మన గండిపేట) 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ నీళ్లు మోటారు అక్కర్లేకుండా నేల వాలును బట్టి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు పారాయి. వరద కాపుదలకు కట్టిన జలాశయాలే ఊరికి తాగునీరు ఇచ్చాయి. ఈలోగా 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టి మురికివాడలను, వీధులను బాగుచేసే పని మొదలుపెట్టారు. వరద వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే పంతొమ్మిదేళ్ల పని ఇది. మధ్యలో ప్లేగు వచ్చింది, ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది, నిజాం మారారు. పని ఆగలేదు.

స్వాతంత్ర్యం తర్వాత రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, తూర్పున ఈసీఐఎల్ ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు ఊరి బయటే కొత్త పేటలు వెలిశాయి. వాటికి క్వార్టర్లు, బడి, ఆటస్థలం, మంచినీటి ట్యాంకు కూడా వచ్చాయి. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక పెరుగుదల తీరే మారిపోయింది. 2006లో భవనాల ఎత్తుకు, విస్తీర్ణానికి ఉన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి తీసేశారు. 2007లో 12 మున్సిపాలిటీలు, కొన్ని పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం, ఆ తర్వాత 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు. రోడ్డు ఎటు పోతే ఊరు అటు పోయింది. బోర్డుల మీద పేర్లు ఒక్కరోజులో మారాయి. కింద డ్రైనేజీ మాత్రం ఏ పంచాయతీది ఆ పంచాయతీదిగానే ఉండిపోయింది. పైనున్న కాలనీ నాలా, అంటే వాననీటి కాలువ, కిందున్న కాలనీ ప్రహరీ దగ్గర ఆగిపోతే, నీళ్లు ఆ ఇళ్లలోకే వస్తాయి.

2000 ఆగస్టులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడి నగరం మునిగింది. నాలాలు వెడల్పు చేయాలని ఆ తర్వాత కిర్లోస్కర్ అనే సలహా సంస్థ ఇచ్చిన నివేదిక చెప్పింది. 2020 అక్టోబర్ నాటికి కూడా ఆ పని పూర్తి కాలేదు. ఆ నెలలో పాతబస్తీ వైపు గుర్రం చెరువు కట్ట తెగి ఇళ్లలోకి నీళ్లు దూకాయి. 112 ఏళ్ల తర్వాత కూడా చెరువు తెగి జనం మీద పడటమేమిటని ఎవరూ గట్టిగా అడగలేదు. వాన ఎక్కువ పడిందన్నారు. పడింది, నిజమే. కానీ ఆ వానను పట్టుకోవాల్సిన చెరువు చిక్కిపోయింది. ఇప్పుడు మాసబ్‌ట్యాంక్‌లో చెరువు ఎక్కడుందని పిల్లలు అడిగితే ఏం చెప్తాం? పేరులోనే మిగిలింది.

మాకు అన్నిటికంటే బాధ కలిగించేది గండిపేట సంగతి. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలు రాకుండా 1996లో 111 జీవో తెచ్చారు. సుప్రీంకోర్టు సైతం ఆ జలాశయాల పక్షాన నిలిచింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలిస్తూ మరో జీవో ఇచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టులో, గండిపేటకు కూతవేటు దూరంలోని కోకాపేటలో ప్రభుత్వమే వేసిన వేలంలో ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఖజానాకు డబ్బు కావాలి, కాదనం. అయితే భూమి అమ్మేదీ, భూమికి హద్దులు గీసేదీ ఒకే ప్రభుత్వం అయినప్పుడు నీటి తరఫున మాట్లాడే మనిషి ఎవరు? ఆ 84 గ్రామాల రైతుల గోడూ నిజమే. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమి మాత్రం అలాగే ఉండాలంటే ఎవరికైనా కడుపు మండుతుంది. నగరం కోసం వాళ్లు వదులుకుంటున్న దానికి నగరమే పరిహారం కట్టాలి. ఆ పని చేయకుండా ఆంక్షలు సడలించడం సులువైన దారి, అంతే.

ఇప్పుడు మన కుళాయిలో వచ్చే నీళ్లలో ఎక్కువ భాగం వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కృష్ణా, గోదావరి ఎత్తిపోస్తే వస్తున్నవి. కరెంటు బిల్లు నీటి బిల్లులోనే కలిసి ఉంది. పడమటి అపార్ట్‌మెంట్లలో మార్చి వచ్చిందంటే ట్యాంకర్ల టెన్షన్ మొదలవుతుంది. దగ్గరి చెరువును పూడ్చి దూరపు నదిని మోసుకొస్తున్నాం.

చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024లో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థను పెట్టారు. పని అవసరమే. కానీ కూలిన ఇళ్లలో రిజిస్ట్రేషన్ కాగితాలు, బ్యాంకు లోను, కరెంటు మీటరు, ఇంటి పన్ను రసీదు ఉన్నవాళ్లూ ఉన్నారు. ఇరవై ఏళ్ల జీతం పెట్టి కొన్న ఇంటి ముందు తల్లి, పిల్లలు ఏడుస్తూ నిలబడ్డారు. కొన్నవాడికి ఎఫ్‌టీఎల్ అంటే, చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు అంటే, ఏమిటో తెలియకపోవచ్చు. సంతకం పెట్టిన అధికారికి, ప్లాట్లు కోసి అమ్మిన వ్యాపారికి తెలుసు. బుల్డోజర్ మొదట వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

ఇంకొక మాట. పెరుగుదల అంతా పడమటి వైపే ఒరిగిపోతోంది. మెట్రో తొలిదశలోనే ఉండాల్సిన ఎంజీబీఎస్–ఫలక్‌నుమా మార్గం, మిగతా 69 కిలోమీటర్లు తిరగడం మొదలైనా, కట్టకుండా మిగిలిపోయింది. నగరం ఎక్కడ పుట్టిందో ఆ చార్మినార్ ప్రజలే రైలు కోసం ఎదురుచూస్తున్నారు.

కొత్త ఊళ్లు నగరంలో కలుస్తున్న ఈ సమయంలో ప్రభుత్వాన్ని మేము అడిగేది ఒక్కటే వరస. ప్రతి ఊళ్లో ముందు చెరువుల ఎఫ్‌టీఎల్, దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ తుది నోటిఫికేషన్ పూర్తి చేయాలి. ఒక చెరువు అలుగు నుంచి ఇంకో చెరువు దాకా వాగు పోయే దారిని సర్వే చేసి రాళ్లు పాతాలి. ఆ పటం పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో, ఉర్దూలో ఉండాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసు కంప్యూటర్లో ఆ సర్వే నంబర్లు తెరుచుకోకూడదు. నాలా, పైపు, బడికి జాగా తేలాకే లేఅవుట్‌కు అనుమతి ఇవ్వాలి. ఆ ఇళ్లు కట్టే కూలీలు రేకుల షెడ్లలో కాలం వెళ్లదీయకుండా అదే లేఅవుట్‌లో వాళ్లకూ చోటు ఉంచాలి. ఊళ్లో పెద్దమనుషులను కూర్చోబెట్టి అడిగితే, నీళ్లు ఏ చేను మీదుగా పారతాయో, ఏ కుంట ఏ ఏడు నిండిందో చెప్తారు. ఆ చేలు అమ్ముడుపోయి వాళ్లు ఊరు విడిచి వెళ్లకముందే, ఈ వానాకాలం లోపే ఆ పని మొదలుపెట్టాలి.