హక్కుదారు ఎవరో తెలియని పుస్తకం

మొన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక పాత నవల పీడీఎఫ్ పడింది. మొదటి పేజీ మీద శాఖా గ్రంథాలయం ముద్ర, దాని పక్కన పెన్సిల్‌తో "ముగింపు బాలేదు" అని ఎవరో పాఠకుడి తీర్పు, మధ్యలో ఒకచోట స్కాన్ చేసినాయన బొటనవేలు. 1970ల నాటి పుస్తకం. అచ్చువేసిన సంస్థ మూతపడింది. రచయిత్రిది కలం పేరు. అసలు ఆడమనిషేనా అన్నదీ అనుమానమే, అప్పట్లో అలా రాసిన మగవాళ్లు ఉన్నారు మరి. దాన్ని పంపిన మా పెద్దమ్మకు తెలియదు గానీ, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం అది ఉల్లంఘనే. కలం పేరుతో వచ్చిన రచనకు అచ్చయినప్పటి నుంచి 60 ఏళ్లు రక్షణ ఉంటుంది.

సొంత పేరుతో రాస్తే రచయిత పోయాక మరో 60 ఏళ్లు. గురజాడ ఎప్పుడో అందరి సొత్తయ్యారు. 1971లో కన్నుమూసిన జాషువా రచనల మీద హక్కులు, చట్టం లెక్కన, 2031 చివరిదాకా ఉంటాయి. శ్రీశ్రీవి 2043 దాకా. మొదట ఈ గడువు 50 ఏళ్లే. 1991తో టాగోర్ రచనల హక్కులు తీరిపోతున్నాయని గడువును ఇంకో పదేళ్లు పొడిగించారు. ఒక మహాకవి కోసం చేసిన మార్పు, ఎవరికీ గుర్తులేని వేలమంది రచయితలకూ వర్తించింది.

సినిమా పైరసీ దగ్గరికొచ్చేసరికి చట్టానికి ఎక్కడలేని చురుకు. ఒక సైటును మూసేస్తే పేరు మార్చుకుని మళ్లీ వస్తోందని, కొత్త పేర్లనూ అదే ఉత్తర్వు కింద ఆపేలా ఢిల్లీ హైకోర్టు 2019లో దారి చూపింది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి కనీసం మూడు నెలల జైలు, 3 లక్షల జరిమానా పెట్టారు. కోట్లు పోసి తీసినవాళ్ల గోడు వినాల్సిందే, కాదనను. కానీ అక్కడ అడిగే నిర్మాత ఉన్నాడు, వాదించే లాయరున్నాడు. హక్కుదారే కనబడని పుస్తకం గురించి ఎవరు అడుగుతారు?

చట్టంలో దీనికీ ఒక దారి ఉంది, 31ఎ సెక్షన్. రచయిత చనిపోయినా, ఎవరో తెలియకపోయినా, ఆచూకీ దొరక్కపోయినా ప్రచురణకు లైసెన్సు అడగొచ్చు. ముందుగా పేపర్లో ప్రకటన ఇవ్వాలి. అదీ దేశంలో ఎక్కువ భాగం తిరిగే ఇంగ్లిష్ దినపత్రికలో! తెలుగు పేపర్లో కూడా వేయాల్సింది తెలుగులోకి అనువాదం చేసేటప్పుడే. మూలమే తెలుగైతే అక్కర్లేదు. అంటే ఆ రచయిత్రి మనవడు తెనాలిలో ఉంటే, రోజూ పొద్దున అతను చదివే పేపర్లో ఆ కబురు కనబడదు. ప్రకటన ఖర్చు పెట్టుకుని, ఆపైన లాయరును పెట్టుకుని, మూడొందల కాపీలు కూడా అమ్ముడుపోని నవల కోసం ఎవరు తిరుగుతారు? వాట్సాప్‌లో పెట్టేయడం తేలిక. అందరూ చేస్తున్నదీ అదే.

గ్రంథాలయాల సంగతి ఇంకా విచిత్రం. తన దగ్గరున్న పుస్తకం పాడవకుండా డిజిటల్ ప్రతి దాచుకోవడానికి లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయానికి 2012 సవరణ అనుమతి ఇచ్చింది. నెట్‌లో అందరికీ తెరిచి పెట్టే సంగతి అందులో లేదు. యూరోపియన్ యూనియన్ అదే ఏడాది, శ్రద్ధగా వెతికినా హక్కుదారు దొరకని పుస్తకాలను గ్రంథాలయాలు ఆన్‌లైన్‌లో పెట్టేందుకు వీలు కల్పించింది. తర్వాత హక్కుదారు వస్తే పరిహారం ఇస్తారు.

ఇక్కడా అంతకంటే పెద్ద పనేం లేదు. కాపీరైట్ ఆఫీసు సైట్‌లో పుస్తకం అట్ట బొమ్మతో సహా తెలుగులోనే నోటీసు పెట్టి, ఆరు నెలలు ఆగి, ఎవరూ రాకపోతే గ్రంథాలయానికి అనుమతి ఇవ్వొచ్చు. ఆ నోటీసు కూడా ఏదో ఒక బంధువుల గ్రూపులోకి చేరుతుంది. మనవడి కంటపడేది అక్కడే.