పిల్లల షికారుకూ ఒంటిపూట వేళలు కావాలి

మార్చి సగం కాగానే రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా పిల్లలు ఇంటికి చేరాలన్నది ఈ ఏర్పాటు ఉద్దేశం. మిట్టమధ్యాహ్నపు ఎండ పిల్లల ఒంటికి మంచిది కాదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు లెక్క. అదే పిల్లలు ఏప్రిల్ చివర్లో సెలవుల్లోకి వచ్చి, అమ్మానాన్నలతో కలిసి జూపార్కుకు బయలుదేరితే మాత్రం ఆ నియమం ఎక్కడా వర్తించదు. హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాల గేటు ఉదయం ఎనిమిదిన్నరకు తెరుచుకుంటుంది, సాయంత్రం ఐదుకు మూతపడుతుంది. విశాఖ జూ వేళలూ దాదాపు ఇంతే. చల్లగా ఉండే తెల్లవారుజామున గేటు తెరవరు, ఎండ తగ్గుముఖం పట్టే సమయానికి మూసేస్తారు. మధ్యలో మిగిలే సమయమంతా వడదెబ్బకు అనువైనదే.

ఏటా వేసవిలో తల్లిదండ్రులకు జాగ్రత్తలు చెప్పే ప్రకటనలకు కొదవ ఉండదు. టోపీ పెట్టండి, నీళ్లు తాగించండి, పన్నెండు నుంచి నాలుగు దాకా బయటికి రాకండి అంటారు. సలహాలు మంచివే. కానీ పన్నెండు నుంచి నాలుగు దాకా రావద్దని చెప్పేదీ, ఆ గంటల్లోనే టికెట్లు అమ్మేదీ ఒకే ప్రభుత్వం. జాగ్రత్త భారమంతా కుటుంబం మీద మోపి, వేళల సంగతి ఎవరూ పట్టించుకోకపోవడమే నా అభ్యంతరం.

పిల్లల శరీరం పెద్దల శరీరానికి చిన్న నమూనా కాదు. బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి బయటి వేడిని త్వరగా లోపలికి తీసుకుంటారు, చెమట పట్టేది తక్కువ కాబట్టి ఆ వేడి త్వరగా బయటికి పోదు. పైగా ఆటలో పడిన పిల్లవాడు దాహమని చెప్పడు. చెప్పే సమయానికి అప్పటికే కళ్లు వాలుతుంటాయి, చిరాకు పడుతుంటాడు, ఉదయం నుంచి మూత్రానికి వెళ్లలేదన్న సంగతి తల్లికి అప్పుడు గుర్తొస్తుంది. వాతావరణ శాఖ ప్రకటించే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే చోట కొలిచినది. ఎండలో కాగిన స్టీలు జారుడుబల్ల మీద కూర్చునే పిల్లవాడికి తగిలే వేడి అది కాదు. కోస్తాలో ఉక్కపోత దీనికి తోడవుతుంది. మైదానాల్లో వడగాలికి కనీస హద్దు 40 డిగ్రీలుంటే తీర ప్రాంతాలకు 37గా పెట్టింది ఇందుకే: గాలిలో తేమ పెరిగితే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. నీడన ఆపిన కారేనని పిల్లవాణ్ణి అందులో వదిలి పార్కింగ్ టికెట్ కోసం వెళ్లడం కూడా ప్రమాదమే. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో పది నిమిషాలకే వేడి దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది; నీడలో కాస్త నెమ్మదిగానైనా పెరుగుతూనే ఉంటుంది.

ఎండ తగలనిదే పిల్లలు గట్టిపడరని, మేమంతా మామిడితోటల్లో తిరిగి పెరిగినవాళ్లమేనని అనే పెద్దలున్నారు. వేళలు మారిస్తే సిబ్బందికి ఇబ్బంది, జంతువుల విశ్రాంతికి భంగం అనే అధికారులూ ఉన్నారు. పెద్దలు చెప్పే మామిడితోటలో నీడ ఉంది, పక్కనే బావి ఉంది; ఇప్పటి పిల్లలు నడిచేది తారు మీద, సిమెంటు పలకల మీద. ఇక అధికారుల మాటకు జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. కేబీఆర్ పార్కు ఏళ్లుగా ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు మాత్రమే తెరుచుకుంటోంది. జూను తెల్లవారి ఆరుకు తెరిచి పదిన్నరకు మూస్తే, నాలుగున్నరకు మళ్లీ తెరిచి పొద్దుగూకే దాకా ఉంచితే జంతువులకు జరిగే నష్టమేమీ లేదు. ఏనుగుకు నీళ్లు చల్లి, బోనులకు తడికలు కట్టే సిబ్బంది ఆ మధ్యాహ్నపు గంటలను పూర్తిగా జంతువులకే కేటాయించగలుగుతారు.

గల్ఫ్‌లో ఉండే మనవాళ్లను అడిగితే ఇది కొత్త సంగతేమీ కాదంటారు. దుబాయ్ సఫారీ పార్కును ఏటా వేసవి నెలల్లో మూసేస్తారు. కుటుంబాలు పొద్దు వాలాకే పార్కులకు, బీచ్‌లకు బయలుదేరతాయి. ఎండను గెలవలేమని తెలిసి గడియారాన్ని మార్చుకున్నారు.

అయితే వేళలు మార్చినంత మాత్రాన సరిపోదు, నీడ కావాలి. మన పార్కుల్లో పచ్చిక ఉంది, గ్రానైట్ బల్లలున్నాయి, వరసగా నాటిన ఈతజాతి అలంకార చెట్లున్నాయి. ఒక కుటుంబం చాప పరుచుకుని కూర్చునేంత నీడనిచ్చే వేప, చింత, కానుగ ఎక్కడో గాని కనిపించవు. ఏసీ మాల్‌కు వెళ్లగలిగిన కుటుంబానికి నీడ కొనుక్కునే స్తోమత ఉంది. ఆదివారం ఒక్కరోజు సెలవు దొరికి, రెండు బస్సులు మారి జూకు వచ్చే కూలి కుటుంబానికి అది లేదు. 2015 వేసవిలో రెండు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండు వేల మంది వడదెబ్బతో ప్రాణాలు కోల్పోయారు. 2025లో తెలంగాణ వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి మృతుల కుటుంబాలకు 4 లక్షల పరిహారం ప్రకటించింది. అది సరైన నిర్ణయమే. చనిపోయాక ఇచ్చే డబ్బుకు పద్దు ఉన్నప్పుడు, బతికుండగా ఇచ్చే నీడకు, గేటు దగ్గరి చలివేంద్రానికి, ఓఆర్ఎస్ ప్యాకెట్లకు కూడా పద్దు ఉండాలి.

రోళ్లు పగిలే రోహిణి కార్తె సెలవుల్లోనే వస్తుంది. కాబట్టి ఒంటిపూట బడుల ఉత్తర్వు వెలువడే రోజునే జూలు, పార్కులు, కోటల వేసవి వేళలనూ ప్రకటించాలి. అప్పుడు ఏప్రిల్‌లోనే తల్లిదండ్రులు తెల్లవారుజామున బయలుదేరి పదింటికల్లా ఇల్లు చేరేలా ప్రయాణం కుదుర్చుకోగలుగుతారు, ఆర్టీసీ కూడా ఆ గంటలకు తగ్గట్టు బస్సులు నడపగలుగుతుంది.